రక్తపరీక్ష రుసుము: ఎవరు ఎంత చెల్లించుచున్నారు?

(కొత్తచెరువునందు గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున గావించిన ప్రసంగ పాఠము)



మీరు నిత్యము చర్చించు విషయములు త్రాగునీరు, బాటలు, వీధిదీపములు, మురుగుకాలువలు. నేడు నేను మీ యెదుట ఉంచదలచినది చూచుటకు మిక్కిలి చిన్న విషయము. వేలెడంత గొట్టములో పట్టు రక్తమును పరీక్షించుటకు అగు రుసుమును గూర్చి మాటలాడెదను. ఆ రుసుమును ఎవరు చెల్లించుచున్నారు, ఎంత చెల్లించుచున్నారు, ఒకే పరీక్షకు ఒకచోట ఒక ధర, వేరొకచోట వేరొక ధర ఏల ఉన్నది అను సంగతి తెలిసినచో మన గ్రామములలో ఎందరికో అప్పు తప్పును. కొందరికి ప్రాణమే దక్కును.

మనది సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొను సీమ. వేరుశనగ పండిన యేడు పండును, లేనియేడు కూలియే ఆధారము. మన రాష్ట్రమున ఉపాధిహామీ పనికి 2025-26 సంవత్సరమున నిర్ణయించిన దినకూలి రు. 307 లు. జ్వరమని, నీరసమని పోయిన కూలిమనిషికి నాలుగైదు రక్తపరీక్షలు వ్రాసి ఇచ్చినచో, ప్రైవేటు ప్రయోగశాలలో దానికగు ధనము పలుదినముల కూలిని మింగివేయును. ఆ దినము పనికి పోలేదు గనుక ఆ కూలియు నష్టమే. ఇంతటి భారమునకు జంకి, “వచ్చే వారము చూచుకొందములే” అని ఇంటికి మరలువారు ఎందరో మీకు తెలియును.

అట్లు మరలుట వలన కలుగు కీడు చిన్నది కాదు. 2019-21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన రాష్ట్రమున 15 మొదలు 49 ఏండ్ల వయసుగల స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తహీనత ఉన్నది. గర్భిణికి రక్తములో హీమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గినచో రక్తహీనత యనియు, 7 గ్రాములకు తగ్గినచో తీవ్రమైన రక్తహీనత యనియు వైద్యులు నిర్ణయింతురు. అట్టి స్త్రీ కాన్పునందు ఏ కొంచెము రక్తము పోయినను ప్రాణాపాయము కలుగును. ముందుగా వ్రేలి మీది ఒక్క చుక్కను పరీక్షించియుండినచో మాత్రలతోనో, సూదిమందుతోనో, అవసరమైనచో రక్తము ఎక్కించియో ఆమెను కాపాడవచ్చును. మధుమేహము సంగతియు ఇట్టిదే. అది మూత్రపిండములను, కండ్లను లోలోపల తినివేయుచున్నను తొలినాళ్ళలో నొప్పి తెలియదు. రక్తపరీక్ష మాత్రమే దానిని బయటపెట్టును.

ధరలోని పాళ్ళు

ప్రయోగశాలలో మనము చెల్లించు ధరలో ఏమేమి కలిసియున్నవో చూతము. సూది, గొట్టము, రసాయనములు మొదటి పాలు. వీనికగు వ్యయము ప్రతి పరీక్షకును వేరువేరుగా అగును. యంత్రము వెల, దాని మరమ్మతు, టెక్నీషియను జీతము, వైద్యుని జీతము, కరెంటు, అద్దె రెండవ పాలు. ఈ వ్యయము పదిమంది వచ్చినను, నూరుమంది వచ్చినను ఇంచుమించు ఒక్కటే. యంత్రము సరిగా చూపుచున్నదా లేదా అని ప్రతిదినము ఉదయమున తెలిసిన నమూనాతో సరిచూచుకొనవలెను గదా. రోగి ఒక్కడే వచ్చినను ఆ ఖర్చు తప్పదు.

లెక్కకొరకు ఒక ఉదాహరణము అనుకొందము. ఒక ప్రయోగశాలకు దినమునకు రెండవ పాలు ఖర్చు రు. 2,000 లు, ప్రతి పరీక్షకు మొదటి పాలు ఖర్చు రు. 40 లు అనుకొనుడు. దినమునకు 20 పరీక్షలే వచ్చినచో ఒక్కొక్కదానికి రు. 140 లు పడును. అదే 200 పరీక్షలు వచ్చినచో ఒక్కొక్కదానికి రు. 50 లు మాత్రమే పడును. రసాయనము అదే, యంత్రమదే, టెక్నీషియను అతడే. పనిలేక నిలిచిన యంత్రమే ధరను పెంచినది. బోరుబావిని పదిమంది రైతులు కూడి వేసికొనినచో ఎకరమునకు పడు ఖర్చు తగ్గునట్లే ఇదియును. పెద్ద సంస్థలు చిన్న పట్టణములలో రక్తమును సేకరించి బెంగుళూరు, హైదరాబాదు వంటి చోట్లనున్న పెద్ద ప్రయోగశాలలకు పంపుట ఇందులకే.

ఇక మూడవ పాలు ఒకటి ఉన్నది. అది బిల్లులో కానరాదు. రోగిని పంపినవానికి ముట్టజెప్పు కమీషను అది. వైద్యుడు ఇట్టి కమీషనును ఇచ్చుట గాని పుచ్చుకొనుట గాని కూడదని భారత వైద్యమండలి 2002 సంవత్సరపు నియమావళిలో స్పష్టముగా నిషేధించినది. ఆ నిషేధమునకు లోబడి, నీతితో వృత్తి సాగించు వైద్యులు అనేకులు కలరు. అయినను ఎచ్చటనైనను ఈ దురాచారము జరిగినచో ఆ సొమ్ము అంతయు రోగి మూటనుండియే పోవుననుట మరువరాదు.

ధర దిగుట సాధ్యమే

“పరీక్ష ధర ఇంతే, దీనిని తగ్గించుట ఎవరి తరము కాదు” అని అనువారు గలరు. వారికి కోవిడ్ నాటి అనుభవమే సమాధానము. అది రక్తపరీక్ష కాదు, ముక్కునుండియు గొంతునుండియు తీయు నమూనా. అయినను ప్రయోగశాల ధరకు అంతకంటె మంచి పాఠము లేదు. 2020 మార్చిలో భారత వైద్య పరిశోధనా మండలి ఆ పరీక్షకు ప్రైవేటు ప్రయోగశాలలలో గరిష్ఠ ధర రు. 4,500 లుగా నిర్ణయించినది. ఆ యేడాదే మే నెలలో ఆ హద్దును తొలగించి, ధరలు నిర్ణయించు భారమును రాష్ట్రములకు విడిచినది. తరువాత మన రాష్ట్ర ప్రభుత్వము దఫదఫలుగా ధరను తగ్గించినది. 2022 జనవరి నాటికి అది రు. 350 లకు దిగినది. రసాయనములు దేశములోనే తయారగుట, పరీక్షల సంఖ్య పెరుగుట, ప్రభుత్వము హద్దు విధించుట అను మూడును కలిసివచ్చుటచే ఇది సాధ్యమైనది. డిల్లీలో 2015 సెప్టెంబరున డెంగ్యూ జ్వరము ప్రబలినపుడు అచ్చటి ప్రభుత్వము డెంగ్యూ పరీక్షకు రు. 600 లు, ప్లేట్‌లెట్ల లెక్కకు రు. 50 లు మించరాదని ఆజ్ఞాపించినది.

బీమా చెల్లించునది, చెల్లించనిది

ఇక బీమా విషయము. దీని చరిత్రలో మన అనంతపురము సీమకు ఒక స్థానము ఉన్నది. 2007 ఏప్రిల్ 1వ తేదీన ఆరోగ్యశ్రీ పథకము మొట్టమొదట ఆరంభమైన మూడు జిల్లాలలో నాటి అనంతపురము ఒకటి. మహబూబ్‌నగరు, శ్రీకాకుళము తక్కిన రెండు. అప్పుడు ప్రభుత్వము ఒక బీమా సంస్థకు కుటుంబమునకు రు. 330 లు చొప్పున ప్రీమియము చెల్లించెను. ఆ కుటుంబమునకు సంవత్సరమునకు లక్షన్నర రూపాయల వరకు, అవసరమైనచో మరి యాబదివేల వరకు చికిత్స లభించెను. పిదప పథకము ట్రస్టు ఆధ్వర్యమునకు మారినది, పేరును పలుమార్లు మారినది. నేడు అది డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్యసేవ. 2025 సెప్టెంబరులో రెండున్నర లక్షల వరకు బీమా సంస్థయు, అంతకు మించి 25 లక్షల వరకు ట్రస్టును భరించు పద్ధతికి రాష్ట్ర మంత్రివర్గము ఆమోదము తెలిపినది.

ఈ పథకమున రక్తపరీక్షకు వేరుగా ధర కట్టరు. ఒక శస్త్రచికిత్సకు ఇంత అని మొత్తము పద్దు ఒక్కటిగా నిర్ణయింతురు. పరీక్షలు, మందులు, భోజనము అన్నియు అందులోనే చేరియుండును. దీనిని ప్యాకేజీ అందురు. కావున పథకము క్రింద చేరిన రోగివద్ద “రక్తపరీక్షలకు వేరుగా కట్టుడు” అని ఎవరైన అడిగినచో, అది అడుగదగని సొమ్ము. అట్టి సందర్భమున ఆసుపత్రిలోనుండు వైద్యమిత్రకు వెంటనే తెలుపవలెను, లేక 104 నంబరునకు ఫోను చేయవలెను. 2018 సెప్టెంబరు 23న ఆరంభమైన కేంద్ర ప్రభుత్వపు ఆయుష్మాన్ భారత్ పథకమున చేరికకు ముందు మూడు దినముల పరీక్షలును, విడుదల తరువాత 15 దినముల పరీక్షలును, మందులును ప్యాకేజీలోనివే.

సొంతముగా ప్రీమియము కట్టి బీమా తీసికొనినవారు మన గ్రామములలోను పెరుగుచున్నారు. 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి వ్యక్తులు, కుటుంబములు తీసికొను ఆరోగ్యబీమా ప్రీమియముపై జి.ఎస్.టి. రద్దయినది గనుక మరికొందరు చేరవచ్చును. వారు ఎరుగవలసిన సంగతులు మూడు. మొదటిది, సాధారణ బీమా ఆసుపత్రిలో చేరినవారికే గాని, వచ్చి చూపించుకొని పోవువారికి కాదు. కావున బయటినుండి చేయించుకొను రక్తపరీక్షకు అది చెల్లించదు. అట్టి ఖర్చును భరించు పాలసీలు వేరుగా కలవు, వానికి ప్రీమియము అధికము. రెండవది, ఆసుపత్రిలో చేరినచో, ఆ జబ్బుకే సంబంధించిన పరీక్షలకు ముందు 30 దినములు, తరువాత 60 దినములు సాధారణముగా చెల్లింపు ఉండును. 2020 ఏప్రిల్ 1న వచ్చిన ఆరోగ్య సంజీవని అను ప్రామాణిక పాలసీలో ఈ గడువే ఉన్నది. మూడవది, కేవలము పరీక్షల కొరకే మంచము పట్టించినచో బీమా సంస్థ చెల్లించదు. “ఒక రాత్రి చేర్చుకొందుము, పరీక్షలన్నియు బీమాలో పోవును” అను మాటను నమ్మి మోసపోరాదు. వైద్యుని చీటి, బిల్లు, పరీక్షా ఫలితము మూడును భద్రపరచుకొననివారు న్యాయముగా రావలసిన సొమ్మును గూడ పోగొట్టుకొందురు.

ఇతర దేశముల సంగతియు ఒకింత చూతము. మన జిల్లా బిడ్డలు అమెరికాలో ఉన్నారు, తలిదండ్రులు వారిని చూడబోవుచున్నారు. అచ్చట వృద్ధుల కొరకు ప్రభుత్వము నడుపు మెడికేర్ పథకము రక్తకణముల పూర్తి లెక్కకు ప్రయోగశాలకు చెల్లించు ధర ఎనిమిది డాలర్లకు లోపు. వృద్ధుడు తన చేతినుండి చెల్లించునది ఏమియు లేదు. కాని అదే పరీక్షకు బీమా లేనివానికి కొన్ని ఆసుపత్రులు ఎన్నోరెట్లు బిల్లు వేయును. బేరమాడు బలము బీమా సంస్థకు ఉన్నది, ఒంటరి రోగికి లేదు. ఈ అన్యాయమును తగ్గింప 2021 జనవరి 1నుండి ఆసుపత్రులు తమ ధరలను బహిరంగపరచవలెనని అచ్చట నియమము వచ్చినది. ధనిక దేశమందైనను ధర దాగియున్నచో నష్టపడునది ఒంటరివాడే.

ఉచితముగా దొరకునవి

ధర చెల్లింపక పరీక్ష చేయించుకొను త్రోవలు మనకు చెంతనే కలవు. సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1946 నాటి తన నివేదికలో, చెల్లించు శక్తి లేదను కారణమున ఏ ఒక్కరికిని వైద్యము అందకుండరాదని చెప్పినది. ఆ మాటను పరీక్షలకు వర్తింపజేయు యత్నము ఆలస్యముగా జరిగినది. జాతీయ ఆరోగ్య మిషను క్రింద ఉచిత పరీక్షల పథకము 2015లో వచ్చినది. మన రాష్ట్రమున 2016 జనవరి 1న ఆరంభమైన వైద్యపరీక్ష పథకమున ప్రాథమిక ఆరోగ్యకేంద్రములందు 19, సామాజిక ఆరోగ్యకేంద్రములందు 40, పెద్ద ఆసుపత్రులందు 63 విధముల పరీక్షలు ఉచితముగా చేయింప నిర్ణయించిరి. రోగి చెల్లించినది శూన్యము, ప్రభుత్వమే ఒక ప్రైవేటు సంస్థకు చెల్లించెను. 2022 నాటి భారత ప్రజారోగ్య ప్రమాణముల ప్రకారము ఉపకేంద్రమున 14, ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున 63, సామాజిక ఆరోగ్యకేంద్రమున 97 విధముల పరీక్షలు ఉండవలెను.

గర్భిణుల హక్కు మరింత గట్టిది. 2011 జూన్ 1న వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమము ప్రకారము ప్రభుత్వ ఆసుపత్రిలో గర్భిణికి పరీక్షలు, మందులు, భోజనము, అవసరమైన రక్తము అన్నియు ఉచితమే. ప్రతినెల 9వ తేదీన గర్భిణులకు ప్రత్యేక పరీక్షా దినము పాటింపబడుచున్నది.

మన పొరుగున పుట్టపర్తిలో 1991 నవంబరులో ఆరంభమైన శ్రీ సత్యసాయి ఉన్నత వైద్యశాలలో రోగివద్ద రుసుము పుచ్చుకొనరు. బత్తలపల్లిలో గ్రామీణాభివృద్ధి ట్రస్టువారి ఆసుపత్రి పేదల కొరకై నెలకొన్నది. కాని ఒక మాట గుర్తుంచుకొనవలెను. ఉచితమనగా ఖర్చు లేనిదని కాదు. ఒకచోట దాతలు చెల్లించుచున్నారు, వేరొకచోట పన్ను కట్టు మనమే చెల్లించుచున్నాము. ఎవరో చెల్లించిన పరీక్షను మనము వాడుకొనక ఇంకొకచోట చేతిసొమ్ము పోయుట రెండుమార్లు చెల్లించుటయే. ప్రభుత్వము చెల్లించునపుడు గూడ, చేయని పరీక్షకు బిల్లు పడకుండ చూచుట ప్రజాప్రతినిధుల ధర్మము.

దేశము మొత్తముమీద వైద్యమునకగు వ్యయములో ప్రజలు నేరుగా తమ చేతినుండి చెల్లించు పాలు 2013-14లో నూటికి 64.2 గా ఉండి, 2021-22 నాటికి 39.4 కు తగ్గినదని జాతీయ ఆరోగ్య లెక్కలు తెలుపుచున్నవి. తగ్గినమాట సంతోషకరమే. అయినను నూటికి 39 అనునది పేదవానికి ఇప్పటికిని పెద్ద బరువు.

పంచాయతీ చేయదగిన పనులు

చెరువు నిండియున్నను తూము తెరువనిచో క్రింది మడి తడువదు. పథకములెన్ని యున్నను గ్రామమునకు తెలియనిచో ఫలము సున్న. రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో ఆరోగ్యము, ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్యకేంద్రములు చేరియున్నవి. కావున ఈ క్రింది పనులు మీకు పరాయివి కావు.

మొదటిది: మీ ఉపకేంద్రమునందును, ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునందును నేడు నిజముగా జరుగుచున్న పరీక్షలేవో పట్టికను కోరి, దానిని పంచాయతీ కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. కాగితముమీద 63 అని యుండి, రసాయనము లేకయో, టెక్నీషియను లేకయో కొన్ని నిలిచిపోవచ్చును. ఏవి నిలిచినవో, ఎన్ని దినములుగా నిలిచినవో వ్రాతమూలకముగా వైద్యాధికారికి తెలుపుడు. ఆసుపత్రి అభివృద్ధి సంఘ సమావేశమున ఆ మాటను పుస్తకమునకెక్కింపుడు. నోటితో చెప్పిన ఫిర్యాదు గాలికి పోవును, పుస్తకమునకెక్కినది సమాధానము కోరును.

రెండవది: చుట్టుపట్లనున్న ప్రైవేటు ప్రయోగశాలలను సగౌరవముగా ధరల పట్టిక అడుగుడు. హీమోగ్లోబిన్, పూర్తి రక్తలెక్క, రక్తములో చక్కెర, మూత్రపిండముల పరీక్ష, డెంగ్యూ పరీక్ష ఈ అయిదింటి ధరలను ప్రక్కప్రక్కన వ్రాసినచో చాలును. కేంద్ర చట్టమును స్వీకరించిన రాష్ట్రములందు ఆసుపత్రులు ధరలను స్థానిక భాషలో అందరికి కనబడునట్లు ప్రదర్శింపవలెనని 2012 నియమములలో ఉన్నది. మన గ్రామమున ఆ మర్యాదను అడిగి తెచ్చుకొనుటలో తప్పు లేదు.

మూడవది: చీటిలోని పరీక్షలను గూర్చి వైద్యుని వినయముతో అడుగ నేర్పుడు. పూర్తి రక్తలెక్కలో హీమోగ్లోబిన్ చేరియే ఉండును, దానికి వేరుగా చెల్లింపనక్కరలేదు. అడిగినంత మాత్రమున వైద్యునిపై అపనమ్మకము కాదు. అయితే ధరకు జంకి వైద్యుడు అవసరమన్న పరీక్షను మానుట మాత్రము కూడదు. అట్టివానికి ఉచితముగా ఎచ్చట జరుగునో చూపుట సభ్యుల కర్తవ్యము.

నాలుగవది: ప్రతినెల 9వ తేదీకి ముందు ఆశా కార్యకర్తతో కూర్చుండి, గ్రామములోని గర్భిణుల జాబితాలో ఈ నెల హీమోగ్లోబిన్ పరీక్ష కానివారెవరో చూడుడు. ఊరినుండి పోవు బండి లేకపోవుటయే కారణమైనచో ఆ బండిని సమకూర్చుడు. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషణ సంఘము ఉన్నది ఇట్టి పనులకే.

ఇచ్చట ఒక ప్రశ్న రాదగును. “తక్కువ ధరకు చేయు పరీక్ష నమ్మదగినదా?” అని. ధర తక్కువైనంతమాత్రాన నాణ్యము తక్కువ కాదు, ధర ఎక్కువైనంతమాత్రాన నాణ్యము ఎక్కువయు కాదు. ఫలితముపై అర్హతగల వైద్యుని సంతకము ఉన్నదా, ప్రయోగశాల రిజిస్టరు అయినదా, కొత్త సూదిని మన కన్నులయెదుటనే విప్పిరా, గొట్టముపై రోగి పేరు అప్పుడే వ్రాసిరా అనునవి చూడదగినవి. ఎన్.ఎ.బి.ఎల్. అను జాతీయ సంస్థ గుర్తింపు ఉన్నచో అది మరింత భరోసా. ఫలితము రోగి స్థితితో పొసగనిచో మరల చేయింపుమని వైద్యుని కోరుటకు సంకోచింపనక్కరలేదు.

సోదరులారా, సంతకు పోయి బెండ్లు, బెల్లము కొనునపుడు నాలుగు అంగళ్ళు తిరిగి ధర అడుగు మనము, జబ్బుపడినపుడు మాత్రము అడుగజాలము. జబ్బుతో ఉన్నవాడు అడుగలేడు గనుకనే, అతనికి బదులుగా ఊరు అడుగవలెను. ఊరి పక్షమున అడుగుటకు ఎన్నికైనవారు మీరు. రాబోవు గ్రామసభలో ఈ పరీక్షల పట్టికను ఒక అంశముగా చేర్చుడు. ఎచ్చట ఏ పరీక్ష ఉచితము, ఏ పథకమున ఎంత లభించును, ఎవరిని అడుగవలెను అను మూడు మాటలు ప్రతి గడపకు చేరినచో, ఒక రక్తపు చుక్క కొరకు అప్పుచేయవలసిన దినములు మన పల్లెలలో తగ్గిపోవునని నా విశ్వాసము.